శేషమ్మ నోట ఆ పేరు

మా మరదలు శేషమ్మ పూలమాల అనదు, పూలదండ అంటుంది. మాలకొండ తిరణాలకు పోయొచ్చినా ‘ఆ కొండకు పోయొచ్చినాం’ అంటుందే తప్ప కొండ పేరెత్తదు. ఎందుకంటే ఆమె మొగుడి పేరు మాల్యాద్రి. పెళ్ళాం నోట పేరొస్తే మొగుడి ఆయుస్సు తరుగుతుందని వాళ్ళమ్మ చెప్పి పంపింది. ఆ మొగుడు నా తమ్ముడు. నేను మాత్రం పొద్దున లేచింది మొదలు వాడిని పేరు పెట్టి పిలుస్తూనే ఉండేదాన్ని, తిట్టడానికే అనుకోండి. మా అమ్మ పోయాక వాడిని చంకనేసుకొని పెంచింది నేనే.

కరువులో గొర్లన్నీ తెగనమ్మి, మా ఊరు అర్ధవీడు విడిచి, వాడు పట్టాళంలో చేరాడు. ఓడెక్కి సింగపూరు పోయాడు. సింగపూరు జపానువాళ్ళ చేతిలో పడ్డాక వాడి నుంచి ఉత్తరం ముక్క లేదు. యుద్ధం అయిపోయింది. పోయినవాళ్ళలో కొందరు బక్కచిక్కి తిరిగొచ్చారు. వాడు రాలేదు. కనిపించడం లేదని ఒకసారి, చనిపోయినట్టే అనుకోవచ్చని ఇంకోసారి సర్కారు కబురు పంపింది. అనుకోవచ్చునంట! అనుకోవడానికి వాళ్ళెవరు?

శేషమ్మ బొట్టు తీయలేదు. తీయమనే మొనగత్తె ఊళ్ళో ఎవతైనా ఉంటే నా ముందుకొచ్చి ఆ మాట అనమన్నాను. ఎవతీ రాలేదు. మందలు ఇళ్ళకు మళ్ళే వేళకు శేషమ్మ దొడ్డి దగ్గర నిలబడి దోవ వైపు చూసేది. దుమ్ములో మనిషి ఆకారం కనబడితే చాలు, చెంగు సర్దుకునేది. దగ్గరికొచ్చాక ఎవరో తెలిసి లోపలికి పోయేది. నేనూ చూసేదాన్ని, కాకపోతే ఆమెకు తెలియకుండా.

ఇంతలో వాళ్ళ కొడుకు నరసింహం ఎస్సెల్సీ గట్టెక్కాడు. గుంటూరు కాలేజీలో చేరతానన్నాడు. యుద్ధంలో పోయినవాళ్ళ బిడ్డలకు సర్కారే చదువు చెప్పిస్తుందని, హాస్టలు ఖర్చు కూడా పెట్టుకుంటుందని వాళ్ళ బడి అయ్యవారు చెప్పాడు. ఒక్కటే మెలిక. మార్కాపురం కచ్చేరీకి సైనికుల బోర్డు ఆఫీసరు వస్తాడు. పెళ్ళాం ఆయన ముందు నిలబడి, మొగుడి పేరు తన నోటితో చెప్పి, చనిపోయాడని ప్రమాణం చేయాలి. చేయకపోతే సాయం లేదు. పిల్లోడు మళ్ళీ ఎవరివో గొర్ల వెనక పోవాల్సిందే.

బండిలో కంభం పోయి రైలెక్కాం. నరసింహం కిటికీ దగ్గర కూర్చున్నాడు. శేషమ్మ నా చెవి దగ్గరికొచ్చింది.

“వదినా, ఆ పేరు చెబితే...”

“ఆఁ, చెబితే ఏందంట?”

“యాడన్నా బతికుంటే? నా నోటితో నేనే చంపినట్టు గాదా?”

నాకు ఒళ్ళు మండిపోయింది. “మరి నీ కొడుకు బతుకేం గావాలే? నువ్వు మొగుణ్ణి తలుచుకుంటా కూర్చుంటే వాడు అడవుల్లో పడి తిరగాల్నా?” అన్నాను. అన్నానే గానీ, నాకు మాత్రం తమ్ముడు అక్కర్లేదా? వాడొచ్చి ‘ఏమ్మే అక్కా, సంగటి ఉందా?’ అంటే చాలని నాకుండదా?

కచ్చేరీలో ఆఫీసరు చిన్నవాడే. మద్రాసు మనిషి, తెలుగు బాగానే మాట్లాడాడు.

“మీ ఆయన పేరేమిటమ్మా?”

శేషమ్మ తల దించుకుంది.

“మాల్యాద్రి,” అన్నాను నేను.

“మిమ్మల్ని అడగలేదు.”

“వానికి పేరు పెట్టిచ్చింది నేను, పెంచింది నేను. నాది నోరు గాదా సారూ?”

“భార్యే చెప్పాలి. ఎవరెవరో వచ్చి భార్యలమని ప్రమాణాలు చేసి పోతున్నారు. పైవాళ్ళ హుకుం.”

“మా ఇండ్లల్లో మొగుని పేరు చెప్పరు సారూ. ఆమె చెప్పలేదంటే అదే రుజువు, పెళ్ళామని!”

తలుపు దగ్గరున్న బంట్రోతు ఫక్కున నవ్వాడు. ఆఫీసరు నవ్వలేదు. చెడ్డవాడని అనను, కానీ వాడి ముఖాన నాలుగు అక్షింతలు వేయాలనిపించింది.

“ఇంకొక్కసారి అడుగుతాను. చెప్పకపోతే నేనేం చేయలేను. అమ్మా, మీ ఆయన పేరు?”

శేషమ్మ పెదవులు కదిలాయి. నేను నడుం మీద పొడిచాను. ఊహూఁ.

“వద్దులేమ్మా,” అన్నాడు నరసింహం. “ఇంటికి పోదాం పా. గొర్లు మేపుకుంటాలే.” అంటూనే గోడకేసి తిరిగాడు. ఏడుపు కనపడనీయకూడదని తిరిగాడు, భుజాలు ఊరుకుంటాయా?

శేషమ్మ కొడుకు వైపు చూసింది. తర్వాత ఆఫీసరుకు వీపు పెట్టి గుమ్మం వైపు తిరిగింది.

“ఓ మాల్యాద్రీ!”

చెప్పడం కాదు, కేక. కొండ అవతల మందతో ఉన్న మనిషిని పిలిచినట్టు పిలిచింది. ఆమెకు అంత గొంతుందని నాకు తెలియదు. కచ్చేరీలో కలాలు ఆగిపోయాయి.

“మాల్యాద్రీ! ఓ మాల్యాద్రీ!”

ఎవరో వస్తున్నట్టు బంట్రోతు గుమ్మంలోంచి పక్కకు తప్పుకున్నాడు. నేనూ అటే చూశాను. తల నెరిసినదాన్ని, బుద్ధి లేకుండా, నా తమ్ముడు ఆ మెట్లెక్కి వస్తాడని చూశాను. వాకిట్లో ఎండ కాస్తోంది. జట్కా గుర్రం ఈగల్ని తోలుకుంటోంది. ఎవరూ రాలేదు.

శేషమ్మ చాలాసేపు అట్లాగే నిలబడింది. ఆఫీసరు కూడా తొందర పెట్టలేదు. ఆఖరికి ఆమె ఇటు తిరిగింది.

“నేను పిలిస్తే పలక్కుండా ఉండే మనిషి గాదు సారూ,” అంది. “పోయినాడు. రాసుకోండి.”