నవ్వులక్క అడిగిందట

కూతురికి గౌను కొనడానికి ఊళ్ళో బోలెడు కొట్లున్నాయి. అవన్నీ వదిలేసి, తండ్రి సెక్యూరిటీగా నిలబడే బట్టల షోరూమ్‌కే వెళ్దామని ఆ పిల్ల పట్టుబట్టేసరికి అతని గుండెల్లో రాయి పడింది.

"అక్కడేమంత బాగుండవే," అన్నాడు.

"నవ్వులక్క ఉందిగా. మంచిది ఏరి పెడుతుంది," అంది తొమ్మిదేళ్ళ పిల్ల. చెప్పులు అప్పటికే వేసేసుకుంది.

ఈ నవ్వులక్క సంగతి చెప్పాలి మరి. పిల్ల తల్లి పోయి రెండేళ్ళయింది. సాయంత్రం తండ్రీ కూతురూ కంచాలు ముందేసుకుని కూర్చుంటే ఆ గదిలో చప్పుడన్నదే ఉండేది కాదు. అది భరించలేక ఒకరోజు, మా షాపులో నవ్వులక్కని ఒకావిడ ఉంది, నీ జ్వరం తగ్గిందా అని అడిగిందమ్మా అనేశాడు. పిల్ల మొహం ఇంత చేసుకుని విన్నది. ఇంకేముంది, మర్నాటి నుంచి నవ్వులక్క రోజూ ఏదో ఒకటి అడగడం మొదలెట్టింది. లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయంది, ఊడిన పన్ను మళ్ళీ వచ్చిందా అంది. బిల్లు కౌంటర్ బాబాయి ఏకంగా చాక్లెట్లు పంపాడు. అవి దారిలో ఇతగాడు కొన్నవేనని వేరే చెప్పాలా? పిల్ల మాత్రం తక్కువ తిందా, బళ్ళో జంట జడల స్నేహితురాలి కబుర్లు వరస పెట్టి చెప్పేది. అలా ఇద్దరూ ఇంటినిండా మనుషుల్ని కూర్చోబెట్టుకుని భోంచేసేవాళ్ళు.

షాపులో అలాంటి ఆవిడ ఉన్న మాట నిజమే, ఎప్పుడూ నవ్వుతుందన్నదీ నిజమే. ఆరేళ్ళుగా ఆవిడ వస్తుంటే తలుపు తీస్తాడు, వెళ్తుంటే సంచీ చూస్తాడు. అంతకు మించి ఒక్క మాటంటే ఒట్టు.

ఇప్పుడు ఆ జంట జడల పిల్ల పుట్టినరోజు వచ్చిపడింది, శనివారం. దానికే ఈ గౌను. వెళ్ళొద్దంటే ఎందుకని అడుగుతుంది, ఏమని చెబుతాడు? నాన్నకి ఎవరూ లేరని కూతురికి తెలిసిపోతే రేపటి నుంచి ఆ కంచాల ముందు ఏం మిగులుతుందని అతని భయం.

తనకిలాగే ఆవిడకీ ఇవాళ సెలవైతే బాగుండునని దారి పొడుగునా అనుకున్నాడు. అంత అదృష్టమా! మొదటి అంతస్తు మెట్లెక్కగానే ఎదురుగా ఆవిడే, గౌన్లు మడత పెడుతూ.

కాదు, ఈవిడ వేరే ఎవరో అని చెబుదామని నోరు తెరిచేలోపే పిల్ల పరిగెత్తింది. "నవ్వులక్కా, నా పన్ను వచ్చేసింది," అని పెదవి ఎత్తి చూపించింది.

ఆవిడ నవ్వింది. పాపం, అలవాటు కదా. "అలాగా బంగారం. ఎవరి పాపవమ్మా నువ్వు? అమ్మ ఏది?"

పిల్ల తండ్రి వైపు చూసింది. ఆవిడా చూసింది. టోపీ లేదు, యూనిఫాం లేదు, ఎవరో కొనేవాళ్ళనుకుంది. "రండి సార్, ఏ సైజు చూపించమంటారు?"

"నేను... కింద గేటు దగ్గర..." అని నీళ్ళు నమిలాడు.

"అయ్యో, మీరా? ఏమీ అనుకోకండి. మీ గొంతు ఎప్పుడూ వినలేదు, పోల్చుకోలేకపోయా."

మంచి మనసుతోనే అంది మహాతల్లి. దానికంటే నాలుగు తిట్టినా బాగుండేది. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి.

ఆవిడ నాలుగు గౌన్లు తీసి పరిచింది. పిల్ల ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. "వెళ్దాం నాన్నా," అంది మెల్లగా.

బస్టాపు బల్ల మీద కూర్చున్నారు. కూతురి వైపు చూడటానికి అతనికి మొహం చెల్లలేదు. ఎంతసేపని దాస్తాడు?

"అన్నీ నేనే కల్పించి చెప్పానమ్మా," అన్నాడు. "అక్కడ నాతో ఎవరూ మాట్లాడరు."

పిల్ల ఏడవలేదు, అలగలేదు. కాళ్ళు ఊపుతూ కూర్చుంది.

"నాకు గౌను వద్దు నాన్నా."

"అదేంటి తల్లీ, ఇంకో కొట్లో కొంటాగా. శనివారం పుట్టినరోజుకి వెళ్ళాలి కదా."

"నన్ను పిలవలేదు."

"పిలవకపోవడమేంటి, నీ స్నేహితురాలు కాదూ?"

"నా బెంచీలోనే కూర్చుంటుంది. అంతే. నాతో మాట్లాడదు."

అతను కూతురి వైపు తిరిగాడు. "మరి గౌను వేసుకుని ఎక్కడికి వెళ్దామనుకున్నావే?" అన్నాడు.

"బడి మెట్ల మీద కూర్చుందామనుకున్నా," అంది పిల్ల. "చీకటి పడ్డాక ఇంటికొచ్చి, కేకు చాలా బాగుందని నీకు చెబుదామనుకున్నా."