నీడని తీసుకెళ్ళడానికొచ్చిన టైలరమ్మ

ఆదివారం ఆరాధన ముగిసి, అందరూ బయట టీ కప్పులు పట్టుకుని కబుర్లలో పడ్డాక, ఊడ్చే పెద్దమ్మ చీపురుతో చర్చి లోపలికి వచ్చేది. ముందు కిటికీలు తెరిచేది. పాటల పుస్తకాలు ఏరి అలమరలో సర్దేది. తర్వాత వెనక బెంచీల దగ్గరికెళ్ళి, "కాస్త కాళ్ళెత్తండి నాయనా" అనేది. బెంచీల మీద కూర్చున్న నీడలు కాళ్ళెత్తేవి. వాటి కింద శుభ్రంగా ఊడ్చి, "ఊఁ, దించండి" అని పక్క బెంచీకి జరిగేది.

ఆ నీడలన్నీ ఒక్కసారి వచ్చి మళ్ళీ రానివాళ్ళవి. కొత్తవాళ్ళు వస్తారు, పాడతారు, ప్రార్థన చేస్తారు, గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి ఇటూ అటూ చూస్తారు, వెళ్ళిపోతారు. నీడ మాత్రం లేవదు. మనిషికున్నంత రోషం నీడకుండదు కదా. ఇంకాసేపు చూద్దాం, ఎవరైనా పక్కన కూర్చుంటారేమో అని అక్కడే ఉండిపోతుంది.

దీనివల్ల పాస్టరు గారికి ఒక లాభం ఉండేది. కళ్ళద్దాలు తీసేసి ప్రసంగం మొదలుపెడితే హాలంతా నిండుగా కనిపించేది. చర్చి మూడు పువ్వులు ఆరు కాయలుగా వర్ధిల్లుతోందని ఆయన గొంతు ఇంకో మెట్టు పైకి లేచేది.

నీడ పోయినంత మాత్రాన ఎవరికీ కొంప మునిగేదేమీ లేదు. ఒక్కటే ఇబ్బంది, నీడ లేని మనిషికి ఊళ్ళో కాలు నిలవదు. ఏడాది తిరక్కుండా ఇల్లు ఖాళీ చేసి ఇంకో ఊరు వెళ్ళిపోతారు. సామాన్లు మోసే లారీ ఆయన ఎప్పుడూ ప్రార్థనకి వచ్చిన పాపాన పోలేదు గాని, ఆ చర్చి ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా భక్తిగా దణ్ణం పెట్టుకునేవాడు.

అలాగని చర్చిలో కొత్తవాళ్ళని పట్టించుకునేవాళ్ళు లేక కాదు. ఆహ్వాన కమిటీ ఉంది. దానికి పెద్ద ఎవరంటే టీసీ గారు. రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. మనసు వెన్న. నోరు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉండేది. కొత్త మొహం కనబడగానే నడవలో అడ్డంగా నిలబడి, "ఎక్కడి నుంచి? ఎంతమంది? పిల్లలున్నారా?" అనేవారు. కొందరు తెలియకుండానే జేబులు తడుముకునేవాళ్ళు.

కొత్తవాళ్ళు నిలవడం లేదని కమిటీ కూర్చుంది. స్వాగతం చాలడం లేదని తేల్చింది. ఇక మీదట కొత్తవాళ్ళని ముందుకు పిలిచి, మైకిచ్చి, వాళ్ళ గురించి నాలుగు ముక్కలు చెప్పించి, చప్పట్లు కొట్టి, ఒక ప్లాస్టిక్ గులాబీ చేతిలో పెట్టాలన్నారు. స్వాగతం పెరిగేకొద్దీ నీడలూ పెరిగాయి. వెనక బెంచీలు సరిపోక కొన్ని నీడలు ఒకదాని ఒళ్ళో ఒకటి సర్దుకుని కూర్చునేవి.

అలాంటి రోజుల్లో వచ్చింది టైలరమ్మ. మందుల షాపు పక్కన చిన్న కొట్టు అద్దెకి తీసుకుని, ముందు మిషను, వెనక మంచం వేసుకుంది. భర్త పోయాక ఊళ్ళు మారీ మారీ విసిగిపోయి వచ్చిన మనిషి. ఆవిడ కోరిక పెద్దదేం కాదు. ఒక ఆదివారం తను కనబడకపోతే "ఏమైంది ఈవిడకి?" అని ఒక్కరైనా అనుకునే ఊరు కావాలి. ఇదే ఆ ఊరు కావాలని గట్టిగా అనుకుని, ఉతికిన చీర కట్టుకుని చర్చికి వచ్చింది.

టీసీ గారు మైకు పట్టుకుని ఆవిడ పక్కన నిలబడ్డారు.

"మీవారు రాలేదా అమ్మా?"

"లేరండీ."

"లేరంటే? ఊళ్ళో లేరా, లోకంలో లేరా?"

హాలంతా తలలు తిప్పింది. టైలరమ్మ మైకులోకి మెల్లగా, "లోకంలో" అంది.

ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. కార్యక్రమం ప్రకారం తర్వాతిది చప్పట్లు కాబట్టి చప్పట్లు కొట్టారు.

పై ఆదివారం ఆవిడ రాలేదు. కిటికీ పక్క బెంచీ మీద, సూదిలో దారం ఎక్కిస్తున్నదానిలా తల వంచుకుని ఆవిడ నీడ కూర్చుని ఉంది. దాన్ని చూడగానే టీసీ గారికి ముల్లు గుచ్చుకున్నట్టయింది. ఎందుకంటే ఆయన భార్య కూడా లోకంలో లేదు. ఆ సంగతి చర్చిలో అందరికీ తెలుసు, అందుకే ఆవిడ గురించి ఆయన్ని ఎవరూ ఏమీ అడగరు. ఇంట్లో ఒక్కడే కుక్కరు కూతలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం ఆయనకి చాలా కష్టంగా ఉండేది. చెప్పుకోవడానికి సిగ్గు.

మర్నాడు మధ్యాహ్నం ఒక్కరే చర్చికి వచ్చి ఆ బెంచీ దగ్గర నిలబడ్డారు.

"అమ్మా, మొన్న నోరు జారాను. తెలిసినవాణ్ణయ్యుండీ అడక్కూడనిది అడిగాను. ఏమనుకోకు" అన్నారు.

నీడ కాస్త పక్కకి జరిగింది. ఆయన కూర్చున్నారు.

ఆ తర్వాత రోజూ అదే పని అయింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గాని, టీసీ గారికి అలా అనిపించలేదు. ఉద్యోగం మొదలుపెట్టిన దగ్గర్నుంచి అడగడమే గాని చెప్పడం ఎరగని మనిషి, చెప్పడం మొదలుపెట్టారు. భార్య గురక గురించి చెప్పారు. తనతో అలిగితే ఆవిడ కుర్చీలతో మాట్లాడేదని చెప్పారు. నీడ తలూపేది.

ఇక్కడ ఇది జరుగుతుంటే అక్కడ కొట్లో టైలరమ్మకి కాలు నిలవడం మానేసింది. కత్తెర పట్టుకుంటే కిటికీ లోంచి రోడ్డు కనిపించేది. అరువు తెచ్చుకున్న ఇంట్లో ఉన్నట్టు మంచం మీద ఒక చివర పడుకునేది. చివరికి ఒకరోజు చేతిలో ఉన్న బట్టలన్నీ కుట్టి ఇచ్చేసి, లారీ మాట్లాడుకుంది.

"అన్నీ ఎక్కించామమ్మా" అన్నాడు లారీ ఆయన తాడు బిగిస్తూ. "మరి నీడ?"

"చర్చిలో ఉండిపోయింది."

"తెచ్చేసుకోండి. కొత్త ఊళ్ళో మళ్ళీ మీ కొలతకి దొరకదు. దారిలోనేగా, ఆపుతాను."

టైలరమ్మ కొట్టు తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని చర్చిలోకి వచ్చింది. టీసీ గారు ముందుకు చూస్తూ ఏదో చెబుతున్నారు. ఆవిడ వెనక నుంచి మెల్లగా వచ్చి వంగి, నీడ చెవి దగ్గర, "పద" అంది.

నీడ వెనక్కి తిరగలేదు. ఆగమన్నట్టు వేలెత్తింది.

కథ మధ్యలో లేపడం ఎవరికైనా చికాకే. టైలరమ్మ నిట్టూర్చి, అయ్యేదాకా ఆగుదామని అదే బెంచీ చివర కూర్చుంది.

"మేమూ కొత్తగా వచ్చినవాళ్ళమే" అంటున్నారు టీసీ గారు. "నాలుగు వారాలు చూశాం. ఇక్కడ మనకి కుదరదు, మానేద్దాం అనుకున్నాం. ఆ రోజే పాత పాస్టరమ్మ గారు మా ఆవిడని పిలిచి, 'అమ్మాయ్, ఈ తెర అంచు కుట్టిపెట్టు' అన్నారు. పేరడగలేదు, ఊరడగలేదు, కుట్టు వచ్చా అనైనా అడగలేదు. మా ఆవిడకి రాదు! ఒకవైపు కుట్టడానికే నెలలు పట్టింది. పని సగంలో వదిలేసి ఎలా మానేస్తాం? రెండోవైపు దర్జీ కుట్టి ఆ తెర పూర్తయ్యేసరికి మాకు సగం ఊరు చుట్టాలైపోయారు. మరి నేనేంటమ్మా, ఇదంతా మర్చిపోయి మైకు పట్టుకు తిరుగుతున్నాను?"

టైలరమ్మ తల ఎత్తి వేదిక వెనక వేలాడుతున్న తెరని చూసింది. రెండు రెక్కలు. కుడిదాని అంచు గీత గీసినట్టుంది. ఎడమదాని అంచు ఎక్కుతూ, దిగుతూ, మధ్యలో ఎక్కడో దారి తప్పి, మళ్ళీ ఎలాగో వచ్చి కలిసింది. చూసీ చూడనట్టు ఊరుకుందామనుకుంది. వృత్తి ఊరుకోనివ్వలేదు.

"అంత వంకరా!" అనేసింది.

టీసీ గారు ఉలిక్కిపడి తిరిగారు. నీడని చూశారు, మనిషిని చూశారు, కిటికీ లోంచి బయట సామాన్ల లారీని చూశారు. ఎక్కడికి, ఎప్పుడు, ఎందుకు అని నాలుగైదు ప్రశ్నలు నాలుక చివరిదాకా వచ్చాయి. అన్నిటినీ మింగేశారు.

టైలరమ్మ నాలుక కరుచుకుంది. "అంటే... మరీ అంత కాదులెండి."

"అంతే అమ్మా. ఘోరంగా ఉంది" అన్నారాయన. నవ్వు వచ్చింది, వెనకాలే కళ్ళలో నీళ్ళు వచ్చాయి. "ఆవిడ పోయిన దగ్గర్నుంచి మొహమాటానికి ఎవ్వరూ ఆ మాట అనరు. అసలు ఆవిడ మాటే ఎత్తరు. నువ్వొక్కదానివే అన్నావు. పోనీ, విప్పేసి సరిగ్గా కుట్టిపెట్టు."

టైలరమ్మ వేదిక దాకా వెళ్ళి ఎడమ అంచుని వేళ్ళ మధ్య నలిపి చూసింది. కుట్లు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఎక్కడా ఊడలేదు.

"ఇది విప్పకూడదండీ. తప్పు దీనిది కాదు, ఆ రెండోదానిది. అది నిటారుగా ఉండబట్టే ఇది వంకరగా కనబడుతోంది. దాన్ని కూడా ఇలాగే కుట్టేస్తే జత కుదురుతుంది."

"ఇంత వంకరగా కుట్టగలవా?"

"కష్టమే" అంది టైలరమ్మ నిజాయితీగా. "చేతికి అలవాటు లేదు. చాలాసార్లు కుట్టి విప్పాల్సొస్తుంది. ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేను. ముందు ఆ కుర్చీ ఇలా తెచ్చి గట్టిగా పట్టుకోండి బాబాయ్ గారూ."

టీసీ గారు ఒక్క మాటైనా అడక్కుండా కుర్చీ తెచ్చి పట్టుకున్నారు. ఆవిడ ఎక్కింది. బయట లారీ హారన్ మోగింది. ఆవిడ తెర వదలకుండానే కిటికీ వైపు మెడ తిప్పి కేకేసింది.

"నా మిషను దించండి!"

"మిషను అట్టడుగున ఉందమ్మా!" అని బయట నుంచి అరిచాడు లారీ ఆయన. "అన్నీ దించితే గాని అది రాదు!"

టైలరమ్మ ఒక్క క్షణం ఆలోచించింది.

"అయితే అన్నీ దించెయ్యండి" అంది.

బెంచీ మీది నీడ లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, నడవలోంచి నడిచి వచ్చి తెర రెండో కొసని పట్టుకుంది.