కాఫీ మీది మెరుపు

ఆ ఉదయం మబ్బులు సరస్సంతటి మీదికీ దిగిపోయి, గడ్డకట్టిన నీళ్ళకూ ఆకాశానికీ తేడా లేకుండా చేశాయి. తొమ్మిదింటికి తూర్పున ఒకచోట చిరిగి, పల్చటి ఎండ వంటింట్లోకి వచ్చింది.

ఓయ్వా ఓట్స్ జావ తింటున్నాడు. ఆయనకు షుగరు వచ్చి ఆరేళ్ళు. మాత్ర రోజూ వేసుకుంటాడు. ఆకులు రాలినప్పటి నుంచి వెన్న మానేసి, కొలెస్టరాల్ తగ్గించే మార్జరిన్నే రై ధాన్యపు రొట్టెకు రాసుకుంటున్నాడు. అయినా మొన్నటి పరీక్షలో చెడ్డ కొలెస్టరాల్ ఇసుమంత కూడా దిగలేదు.

"కొట్టంలో దాక్కుని సాసేజ్ లాగిస్తున్నారేమో!" అని నర్సు సైలా నవ్వింది. నలభై ఏళ్ళు డెయిరీకి పాలు పోసి, చుక్క నీళ్ళు కలపని మనిషి ఓయ్వా. ఆ నవ్వు ఆయనకింకా ముల్లులా గుచ్చుతూనే ఉంది.

ఇంట్లో భార్య హిల్కా కూడా నమ్మలేదు.

"నిజం చెప్పు. మీ చెల్లెలు వెన్న రాసిన రై పిండి కజ్జికాయ పెట్టిందా లేదా?"

"పెట్టింది. నేను తినలేదు."

"పెట్టిందంటే తిన్నట్టే."

హిల్కా పొయ్యి మీది గిన్నె దించి, పొడి అడుక్కి దిగేదాకా ఆగి, కప్పులోకి కాఫీ వంచింది. ఎండ సూటిగా కప్పులో పడింది. నల్లటి కాఫీ మీద సన్నగా, రంగురంగులుగా ఏదో మెరిసింది. ఓయ్వా కప్పు అటు వంచాడు, ఇటు వంచాడు. మెరుపు కదిలిందే కానీ పోలేదు.

"ఇందులో ఏం వేశావు?"

"పొడీ, నీళ్ళూ. మా అమ్మ వేసినవే."

"మరి నూనె?"

"నీ కళ్ళల్లో ఉంది."

ఆయన కప్పు ముట్టకుండా పక్కన పెట్టి, సైలాకు ఫోను చేశాడు.

"అమ్మాయ్, గిన్నెలో మరిగించి వడకట్టకుండా తాగే కాఫీలో కొవ్వుంటుందా?"

"రోజుకు ఎన్ని కప్పులు?"

"ఎనిమిది. చుట్టాలొస్తే పది."

"అయ్యయ్యో! నేనెప్పుడూ అడగనేలేదు. గింజలో ఉన్న ఆ నూనే కొలెస్టరాల్ పెంచేది. కాగితంలో వడపోస్తే చాలావరకు కాగితానికే అంటుకుపోతుంది. మీరు మాత్ర మాత్రం మానకండి."

"మానేదెవరు?"

"సాసేజ్ మాట వెనక్కి తీసుకుంటున్నాను, పెద్దాయనా."

"తీసుకో."

అంతా విన్న హిల్కా మొహం గంటు పెట్టుకుంది. "ఇక మా అమ్మ కాఫీ మీద పడ్డారన్నమాట!"

"కాఫీ మీద కాదు. నూనె మీద."

ఆమె గిన్నె కడిగి మేకుకు తగిలించింది. కూతురు ఎప్పుడో కొనిచ్చిన వడపోత యంత్రాన్ని అటక మీంచి దించి, దుమ్ము తుడిచింది.

"ఈ కడుగునీళ్ళు తాగుతావా?"

"తాగుతా."

రోజుకు ఎనిమిది కప్పులూ తాగాడు. జావా, రొట్టే, మార్జరిన్ ఎప్పటిలాగే సాగాయి. ఇంకేదీ మార్చలేదు. ఏం జరుగుతుందో ఆయనకు ముందే తెలుసు.

సరస్సులో మంచు కరిగాక, ఒక గురువారం కొత్త పరీక్ష ఫలితం చెప్పడానికి సైలా ఫోను చేసింది. చెడ్డ కొలెస్టరాల్ అర పాయింటు దిగింది, అక్కడి కొలతలో అది తక్కువేమీ కాదు. ఇంకా దిగాలి, కానీ దారి ఇదేనంది. ఓయ్వా "సరే" అని పెట్టేశాడు. అంకె మాత్రం హిల్కాకు చెప్పాడు.

ఆమె ప్రతి గురువారం కాచే బఠాణీ సూప్ రెండు పళ్ళేల్లో పోసింది. ఆయనకు రొట్టె ముక్కలు తనే కోసి, మార్జరిన్ రాసి అందించింది. రెండు కప్పుల్లోకీ యంత్రం కాఫీయే వంచింది. తన కప్పును ఒకసారి కిటికీ వైపు వంచి చూసుకుంది. మెరుపు లేదు.

ఒక గుక్క తాగి, సూప్ పళ్ళెం ముందుకు లాక్కుంది.