అరవైకి ఎనిమిది తక్కువ

ఫిబ్రవరి మొదటి వారంలో ఒక ఉదయం, తమిళనాడులోని గుడియాత్తం స్టేషన్‌లో కాట్పాడి వెళ్లే బండి కోసం నిలబడి ఉండగా సుమిత ఫోనుకు విమాన సంస్థ నుంచి మెయిల్ వచ్చింది. ఏప్రిల్ ఒకటి నుంచి ఆమెలా గోల్డ్ కార్డు ఉన్నవాళ్లను ఎయిర్‌పోర్ట్ లాంజ్‌లోకి రానివ్వరట. దాని పైమెట్టు ప్లాటినం వాళ్లకే ఆ సౌకర్యం. ప్లాటినం కావాలంటే మార్చి ముప్పై ఒకటిలోగా, ఏడాది మొత్తం మీద అరవై విమానాలు ఎక్కి ఉండాలి. ఆమె ఎక్కినవి యాభై రెండు.

సుమితకు నలభై ఒక్క ఏళ్లు. వేలూరులో ఒక ఏజెన్సీ ఆఫీసులో ఉద్యోగం. విదేశాలకు బూట్లు పంపే ఫ్యాక్టరీలకు వెళ్లి, తోలూ కుట్టూ చూసి, సరుకు బాగుందని సంతకం పెట్టాలి. కలకత్తా, కాన్పూర్, ఆగ్రా అంటూ నెలకు రెండు మూడుసార్లు చెన్నై నుంచి విమానం ఎక్కేది. ఈ మధ్య కొనేవాళ్లు వీడియోలోనే సరుకు చూసుకోవడం మొదలుపెట్టారు. మార్చి ఆఖరు దాకా ఆమెకు ఒక్క ప్రయాణమూ లేదు.

ఆమె మెయిల్ రెండోసారి చదివింది. బండి వచ్చి ఆగినా ఎక్కడం మరిచిపోయి, వెనకాల ఉన్న ఆవిడ భుజం తట్టితే ఎక్కింది.

ఆమె ఇల్లు గుడియాత్తం బజారులో, వాళ్ల లుంగీల దుకాణం వెనకే. భర్త భరణి, అత్త పంకజమ్మ, మరిది, తోడికోడలు, నలుగురు పిల్లలు, పొద్దునా సాయంత్రం దుకాణానికి వచ్చే బేరగాళ్లు. ఆ ఇంట్లో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. గడియ ఉన్న గది కూడా లేదు. మేడ మీద గది నిండా లుంగీల మూటలు. సుమిత ఎక్కడ కూర్చున్నా రెండు నిమిషాల్లో ఎవరో ఒకరు పిలుస్తారు. స్నానాల గదిలో ఉన్నా తలుపు బయట నిలబడి, "కత్తెర యాడ పెట్టినావు?" అని అడుగుతారు.

నాలుగేళ్ల కిందట మొదటిసారి లాంజ్‌లోకి వెళ్లినప్పుడు ఆమె కిటికీ పక్కన ఉన్న మెత్తటి కుర్చీలో కూర్చుంది. ఒకతను టీ తెచ్చి బల్ల మీద పెట్టి, ఏమీ అడగకుండా వెళ్లిపోయాడు. ఒక గంటా పది నిమిషాలు ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. ఆ గంటలో ఆమె పుస్తకం చదవలేదు, పాటలు వినలేదు. ఊరికే కూర్చుంది. విమానం పిలుపు వినిపించినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకో ఆమెకే తెలియలేదు. అప్పటినుంచి విమానం సాయంత్రమైతే మధ్యాహ్నానికే ఎయిర్‌పోర్ట్ చేరేది.

ఆఫీసులో పక్క సీటు దినకర్‌కు మాత్రమే ఆ సంగతి కొంచెం తెలుసు. టికెట్లు బుక్ చేసేది అతనే. మెయిల్ చూపించగానే కంప్యూటర్ ముందుకు వంగి చూశాడు.

"ఎనిమిది కావల్లనా? ఉండేది ఏడు వారాలు. చెన్నై నుంచి బెంగళూరు పోయి అదే దినం తిరిగొచ్చేస్తే రెండు. అన్నిటికన్నా తక్కువ రేటు అదే అక్కా."

"బెంగళూరా? మన గుడియాత్తం నుంచి రైల్లో పోతే మూడు గంటలే గదరా."

"అందుకే చెప్తాండా. నువ్వు తూర్పుకు రైలెక్కి చెన్నై పోవల్ల, ఆడ విమానమెక్కి నీ ఇంటి మీదుగానే పడమరకు పోవల్ల, మళ్లా నీ ఇంటి మీదుగానే తిరిగి రావల్ల. పిచ్చిపని ఇది." గొంతు తగ్గించాడు. "ఒట్టిగా కూర్చునేదానికి ఒక చోటు కావల్లంటే, ఈడే సత్తువాచ్చారిలో ఒక చిన్న రూము బాడిగకు తీసుకో. ఆ టికెట్ల డబ్బుతో ఏడాదంతా నీదే."

సుమిత నవ్వబోయింది, నవ్వు రాలేదు. ఆ ఆలోచన ఆమెకు రాకపోలేదు. "మొగుడూ ఇల్లూ ఉండే ఆడది వేలూరులో రూము తీసుకునిందని తెలిస్తే ఏమంటారు దినకర్?"

"ఏకాంతంగా కూర్చునేదానికని చెప్పు."

"ఇంకొక ఆడది అట్ల చెప్తే నువ్వు నమ్ముతావా?"

దినకర్ కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. "ఏ తేదీకి వెయ్యల్ల అక్కా?" అని అడిగాడు.

ఆమెకు ఆ ప్రశ్నలోనే తన పరిస్థితి అంతా కనిపించింది. విమానానికి కారణం చెప్పవచ్చు. కుర్చీకి చెప్పలేం. కాబట్టి కుర్చీ కావాలంటే విమానం ఎక్కాల్సిందే.

రెండు శనివారాలు చెన్నైలో మీటింగ్ అని ఇంట్లో చెప్పి, బెంగళూరు వెళ్లి వచ్చింది. విమానం పైకి లేచిన పావుగంటకు కింద పాలారు నది కనిపించింది. నీళ్లు లేని ఇసుక, తెల్లగా, ఎవరో ఆరేసి మరిచిపోయిన గుడ్డలా. అక్కడికి కొంచెం ఉత్తరంగా, ఆ గోధుమరంగు ఇళ్ల గుంపులో ఎక్కడో పంకజమ్మ బియ్యం చెరుగుతూ ఉంటుంది. సుమిత కిటికీ తెర దించేసింది. లాంజ్‌లో గంట కూర్చోవడానికి ఇంటి నుంచి మొత్తం పదహారు గంటలు తిరగాల్సి వచ్చింది. ఆ గంట కూడా మునుపటిలా లేదు. ఇంట్లో ఏం చెప్పానో, తిరిగి వెళ్లాక ఏం చెప్పాలో అనుకుంటూనే గడిచిపోయింది.

యాభై ఆరు అయ్యాయి. మూడో శనివారం కూడా మీటింగ్ అంటే భరణి నమ్మడనిపించింది. మార్చి రెండో వారంలో ఆఫీసుకు ఒకరోజు సెలవు పెట్టి, ఇంట్లో కలకత్తా ఫ్యాక్టరీకి వెళుతున్నానని చెప్పింది.

వెళ్లడం బాగానే వెళ్లింది. తిరుగు విమానం సాయంత్రం నాలుగింటికి. అందరినీ ఎక్కించుకుని తలుపులు మూసేశాక గాలివాన దిగింది. విమానం కదల్లేదు, తలుపులు తెరవలేదు. అరగంట అన్నారు, ఇంకో అరగంట అన్నారు. ఏసీ సరిగా రావడం లేదు. సుమితది మధ్య సీటు. అటు ఒక లావుపాటాయన నిద్రపోతున్నాడు, ఇటు ఒకామె ఒళ్లో పసిపిల్ల ఆపకుండా ఏడుస్తోంది. మోకాళ్లు ముందు సీటుకు తగులుతున్నాయి. లేచి నిలబడితే సిబ్బంది వచ్చి కూర్చోమన్నారు. రెండు గంటలు దాటాక ఆమెకు ఊపిరి అందనట్టు అనిపించి, "నేను దిగిపోతాను, నాకిక్కడ పనేమీ లేదు," అంది పైకే. పక్కనావిడకు భాష తెలియక ఆమె చేతిలో ఒక బిస్కెట్ పెట్టింది.

మూడు గంటల తర్వాత గాని విమానం కదల్లేదు. ఈలోపు ఫోనులో చార్జి అయిపోయింది.

అదే సాయంత్రం రాణిపేట ఫ్యాక్టరీలో ఒక సరుకుకు సంతకం అవసరమై, ఆమె పై అధికారి ఏసుదాస్ ఆమెకు ఫోన్ చేశాడు. దొరక్కపోతే భరణికి చేశాడు. "ఇంటికాడ లేదా? ఈ దినం లీవు పెట్టింది గదా," అన్నాడు.

చెన్నైలో ఆఖరి బండి తప్పిపోయి, మర్నాడు పొద్దున ఎనిమిదింటికి సుమిత ఇల్లు చేరేసరికి భరణి దుకాణం తెరవలేదు. ఇరవై ఏళ్లలో పండగ కాని రోజున ఆ దుకాణం మూసి ఉండటం ఆమె చూడలేదు.

"యాడికి పోయినావు?" అన్నాడు. గొంతు పెంచలేదు.

"కలకత్తాకే."

"ఆఫీసు పని లేదంట గదా."

"లేదు."

"మరి యాల పోయినావు?"

పంకజమ్మ వంటింటి గుమ్మంలో నిలబడింది. సుమిత గోడకున్న ప్లగ్గుకు ఫోను తగిలించి, వెలిగేదాకా ఆగి, విమాన సంస్థ యాప్ తెరిచి అతని చేతికిచ్చింది. చెన్నై, బెంగళూరు, చెన్నై. చెన్నై, కలకత్తా, చెన్నై. ఎక్కిన టైమూ దిగిన టైమూ అన్నీ ఉన్నాయి. భరణి వేలితో పైకీ కిందికీ జరిపి చాలాసేపు చూశాడు.

"బెంగళూరులో నువ్వు ఉండింది రొండు గంటలే. ఆడ ఎవరిని చూస్తివి?"

"ఎవర్నీ చూళ్లేదు. బయటికే రాలేదు. లోపల్నే కూర్చున్న్యా."

"కూర్చునేదానికా?"

"కూర్చునేదానికే. ఆ చోటు పోగొట్టుకోకూడదని పోయినా. అరవై అయితేనే ఇంక రానిస్తారంట."

అతని ముఖంలో అనుమానం తగ్గి, దాని స్థానంలో ఏదో అర్థం కాని బాధ వచ్చింది. అనుమానమే నయమనిపించింది సుమితకు. "మన ఇంట్లో కుర్చీలు లేవా సుమితా?" అన్నాడు.

అతను లేచి వెళ్లి దుకాణం తలుపులు తీశాడు.

మధ్యాహ్నం పంకజమ్మ అన్నం కంచం తెచ్చి సుమిత పక్కన కూలబడింది. డెబ్బై ఏళ్ల మనిషి, నేల మీద కూర్చోవడమే కష్టం. "నేనూ మేల్పాడి కోవిలికి పోతాండానని చెప్పి బస్సు ఎక్కేదాన్ని మే," అంది. "కాట్పాడిలో దిగి, ఇంకో బస్సు ఎక్కల్ల గదా? ఎక్కేదాన్ని కాదు. స్టేషన్ బెంచీ మీద కూర్చుని, వచ్చే రైలూ పోయే రైలూ చూసి, తిరిగి వచ్చేదాన్ని. వచ్చేటప్పుడు విబూది మాత్రం కొనుక్కొని వచ్చేదాన్ని."

సుమిత అన్నం కలపడం ఆపింది. "ఎన్ని దినాలు పోయినావత్తా?"

"మోకాళ్లు పనిచేసినన్ని దినాలు." ముసలామె నవ్వి, కోడలి మోకాలి మీద చెయ్యి వేసింది. "నువ్వు కూర్చునే ఆ రూము ఎట్లుంటుంది? ఏసీ వేసుంటారా? ఒకతూరి ఫోన్లో చూపించు మే."

సుమితకు ఆ మాటకు సంతోషం కలగాల్సింది. బదులుగా భయం వేసింది. అత్త తన కాపలాదారు అనుకుంది ఇన్నాళ్లూ. ఈ ఇంట్లో తనకన్నా ముందు నుంచీ ఉన్న ఖైదీ అని ఆ క్షణంలో తెలిసింది.

ఆ వారం భరణి మేడ గదిలో ఒక మూల మూటలు తీయించి, కుర్చీ వేయించాడు. సుమిత రెండు సాయంత్రాలు అక్కడ కూర్చుంది. మూడో రోజు రంజాన్ బేరం కోసం నేతవాళ్ల దగ్గర్నుంచి కొత్త సరుకు వచ్చింది. కుర్చీ మీద కూడా మూటలు పెట్టారు. భరణి నొచ్చుకుంటూ, "పండగ కానీ, తీసేస్తాం," అన్నాడు.

ఆమె అప్పటికే నిర్ణయానికి వచ్చేసింది. ఇంక ఎక్కదు. యాభై ఎనిమిదితో ఆగిపోతుంది. కార్డు పోతే పోనీ. ఆ మాటే రాత్రి భోజనాల దగ్గర చెబితే భరణి కంచంలోంచి తల ఎత్తాడు.

"ఉండేది రొండే గదా? ఇంత దూరం వచ్చి ఇప్పుడు వదిలేస్తారా? నేనే టికెట్ వేస్తా."

"వద్దు. నాకు ఇష్టం పోయింది."

"నా మీద కోపంతో చెప్తాండావు. బజార్లో అందరికీ చెప్పేసినా, మా ఇంటామెకి విమానం వాళ్లు పెద్ద కార్డు ఇస్తాండారని. పక్క అంగడి వేలాయుధం అయితే నమ్మనే లేదు."

అతను ఆమెను క్షమించినట్టు చూపించడానికి దొరికిన దారి అదొక్కటే. కాదంటే, ఎందుకు వెళ్లావన్న పాత ప్రశ్న మళ్లీ మొదటికి వస్తుంది. మార్చి ఇరవై ఎనిమిదిన సుమిత బెంగళూరు వెళ్లి వచ్చింది. దిగగానే ఫోనులో బంగారు రంగు పోయి నల్లరంగు ప్లాటినం కార్డు కనిపించింది. దాని కింద చిన్న అక్షరాలతో, ఈ స్థాయి నిలుపుకోవడానికి వచ్చే మార్చిలోగా అరవై ప్రయాణాలు చేయాలని ఉంది.

ఏప్రిల్ మూడో వారంలో ఆఫీసు ఆమెను కాన్పూర్ పంపింది. నిజమైన పనే. చెన్నై లాంజ్‌లో కుర్చీలో కూర్చుని, టీ కప్పు ఎత్తేలోపే ఫోను మోగింది. వీడియో కాల్.

"కూర్చున్నావా?" భరణి ముఖం, దాని వెనక పిల్లలు, తోడికోడలు. "అమ్మ చూడల్లంటాండాది. అట్ల తిప్పు ఒకతూరి."

సుమిత ఫోనును నెమ్మదిగా తిప్పింది. కుర్చీలు, కిటికీ, వడలూ కేసరీ పెట్టిన బల్ల. "పొంగల్ ఉండాదా పెద్దమ్మా?" అని ఒక పిల్లవాడు. "ఆ కోటు వేసుకున్నాయన ఎవరు?" అని తోడికోడలు. పంకజమ్మ మాత్రం ఫోనుకు మరీ దగ్గరగా వచ్చి, కళ్లు చిట్లించి, ఆ కిటికీనే చూస్తూ ఉంది.

పావుగంట అయింది. ఎవరూ పెట్టేయడం లేదు. పెట్టేయమని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. అత్త ముఖం చూస్తే అసలు రాలేదు.

"నన్ను పిలుస్తాండారు, విమానానికి టైమైంది," అంది చివరకు. విమానానికి ఇంకా గంటన్నర ఉంది.

ఫోను ఆపేసి, టీ సగంలో వదిలి బయటికి నడిచింది. గేట్ల వరుస చివర, ఏ విమానమూ లేని చోట, ఇనుప కుర్చీల్లో ఒకదాని మీద కూర్చుంది. కుర్చీ గట్టిగా ఉంది, చల్లగా ఉంది. దాపున ఒక మనిషి నేల తుడుస్తూ వచ్చి, ఆమె కాళ్లు ఎత్తేదాకా ఆగి, తుడుచుకుని వెళ్లిపోయాడు. ఇక్కడ కూర్చోవడానికి ఏ కార్డూ అవసరం లేదు. ఈ సంగతి ఫిబ్రవరిలో తెలిసి ఉంటే అనుకుంది. తెలిసినా, ఇక్కడిదాకా రావడానికి ఒక టికెట్ మాత్రం కావాలి.

వచ్చే ఏడాది అరవై ఎక్కనని ఆమె అక్కడే తేల్చుకుంది. భరణికి ఏం చెప్పాలో మాత్రం గంటసేపు ఆలోచించినా తోచలేదు.