మైదానం వైపు చూడని దర్జీ

దర్జీ మాస్టారు కుట్టుమిషను చోటు మార్చేశారు. ముప్పై ఏళ్ళుగా కిటికీకి ఎదురుగా ఉన్న మిషను అది. కిటికీ అవతల వీధి, వీధి అవతల పేట మైదానం. మిషను తొక్కుతూనే ఆయన పిల్లల ఆట చూసేవారు. ఎవరైనా బంతిని కాళ్ళ మధ్యనుంచి వదిలేస్తే కుట్టు ఆపి మరీ కేకేసేవారు. ఇప్పుడు మిషను గోడవైపుకు తిరిగింది, మాస్టారి వీపు కిటికీ వైపుకు తిరిగింది.

"గోడకు కూడా ఫుట్‌బాల్ నేర్పుతారా ఏం?" అంది భార్య, గుండీల డబ్బా సర్దుతూ.

"వెలుతురు కళ్ళలో కొడుతోంది."

"ముప్పై ఏళ్ళు కొట్టని వెలుతురు, ఆ పొడుగాయన వచ్చాకే కొడుతోందన్నమాట!"

మాస్టారి మిషను ఇంకాస్త గట్టిగా చప్పుడు చేసింది.

పొడుగాయనది సముద్రం అవతలి దేశం. ఒకప్పుడు ప్రపంచ కప్పులో ఆడినవాడు. ఆట మానేశాక, సంపాదించినదానిలో సగం వెచ్చించి దేశదేశాల పేద పేటల్లో పిల్లలకు ఉచిత శిబిరాలు నడుపుతున్నాడు. మూడు నెలల క్రితం ఈ మైదానానికి వచ్చాడు. వచ్చిన రోజే కొత్త బూట్లు, కొత్త జెర్సీలు, గ్లాసెడు పాలు. మాస్టారి దగ్గర ఏముంది? పాత కర్టెన్లలోంచి కత్తిరించి చొక్కాల వీపున కుట్టిన అంకెలు, రెండుచోట్ల అతుకు పడిన బంతి, గొంతు. వారం తిరక్కుండా ఇరవై మంది పిల్లలు అటు వెళ్ళిపోయారు. మిగిలిన ముగ్గురూ మొహమాటానికి రెండు రోజులుండి, మూడోరోజు ఒకరికి కడుపునొప్పి, ఇద్దరికి చుట్టాలు అని చెప్పి వాళ్ళూ వెళ్ళారు.

ఆపైన పత్రికలో ఫొటో వచ్చింది. 'ఈ పేటకు ఫుట్‌బాల్ తెచ్చిన మహానుభావుడు' అని కింద రాశారు.

"మరి ముప్పై ఏళ్ళుగా నేను తెచ్చిందేమిటి? జలుబా?" అన్నారు మాస్టారు. ఆ పూట ఆయనకు ముద్ద దిగలేదు.

అసూయ అంటే ఏమిటో చదువరులకు నేను విడమరిచి చెప్పనక్కరలేదు. అది తొంగిచూడని ఇల్లు ఏది? మాస్టారు చెడ్డవారు కారు. ఎవరి పైసా ముట్టనివారు, పొద్దున్నే దేవుడికి దండం పెట్టందే కత్తెర పట్టనివారు. అయినా ఈల మోగినప్పుడల్లా ఆయన కడుపులో ఏదో భగ్గుమనేది. పిల్లల నవ్వు వినబడితే మరీనూ.

సరిగ్గా ఆ సమయంలో పేట నాయకుడు కొట్టుకు వచ్చాడు. కోటు కుట్టించుకోవడానికి కాదు.

"మాస్టారూ, వాళ్ళ పడవలు మన సముద్రంలోకొచ్చి చేపలు పట్టుకుపోయాయి. ఊరుకున్నాం. ఇప్పుడు పిల్లల్నే పట్టుకుపోతున్నారు. దానధర్మం అంటే ఊరికేనా? పదేళ్ళు పోతే మన పిల్లలు వాళ్ళ జెండాకే చప్పట్లు కొడతారు. మన పద్ధతి, మన సంస్కృతి ఏం కావాలి?"

"అంతేగా మరి!" అన్నారు మాస్టారు. ఆ మాట కోసమే కాచుకున్నట్టు.

"ఆదివారం సభలో శిబిరం అనుమతి మీద ఓటింగు. మీరు పెద్దవారు, మీ మాటకు బరువుంటుంది. నాలుగు ముక్కలు మాట్లాడితే చాలు, వాడు మూటాముల్లె సర్దుకుంటాడు. మైదానానికి మీ పేరుతో బోర్డు పెట్టించే పూచీ నాది."

నాయకుడు వెళ్ళాక భార్య, "మునగచెట్టు బాగానే ఎక్కించాడు. దిగేటప్పుడు చెప్పండి, నిచ్చెన పట్టుకుంటాను" అంది. మాస్టారు వినిపించుకోలేదు. నిన్నటిదాకా ఆ మంటకు ఆయనే సిగ్గుపడేవారు. ఇప్పుడు సిగ్గు పోయింది. దేశం కోసం మండటంలో తప్పేముంది?

ఆ సాయంత్రం మనవరాలు ఇంటికొస్తూ వాకిట్లో మెట్టు తన్నుకుంది. కూతురూ అల్లుడూ ఓడలో ఉద్యోగం చేస్తుండటంతో పన్నెండేళ్ళ ఆ పిల్ల వీళ్ళ దగ్గరే పెరుగుతోంది.

"నిద్రమొహమా! అంత మెట్టు కనబడదా?" అని కసిరారు మాస్టారు.

ఆ పేరు పెట్టింది ఆయనే. రెండేళ్ళు మైదానంలో నిలబెట్టారు. దూరం నుంచి బంతి వస్తుంటే కదిలేది కాదు, మీదికొచ్చాక ఉలిక్కిపడి తల వంచుకునేది. చివరికి మంచినీళ్ళ బాధ్యత అప్పగించి కూర్చోబెట్టారు. కళ్ళలో లోపమేమో అన్న అనుమానమే ఆయనకు రాలేదు. ఎలా వస్తుంది? ఆయన సూదిలోకి దారం ఎక్కించేది ఆ పిల్లే, అదీ ఒక్క ఊపులో. "కళ్ళు చురుకే, ఒళ్ళే బద్ధకం" అని తేల్చేశారు. ఇప్పుడు ఆట మానేసి రోజూ గ్రంథాలయానికి వెళ్తోందని ఆయన నమ్మకం.

శనివారం మాస్టారు కొలతల పుస్తకం తీసుకుని మైదానం కంచె దగ్గరికి వెళ్ళారు. సభలో చెప్పడానికి తప్పులు కావాలి కదా! మొదటిది రాసుకున్నారు: పిల్లల్ని తిట్టడు, క్రమశిక్షణ సున్నా. రెండోది: పిల్లలందరి వీపుల మీదా అంకె కంటే పెద్ద అక్షరాలతో ఆ పొడుగాయన పేరే. మూడోదాని కోసం చాలాసేపు చూశారు. పాసులు, పరుగులు, పొడుగాయన మోకాళ్ళ మీద కూర్చుని ఒక పిల్లాడి లేసు కట్టడం. ఏం రాయాలి? తాను చేసేవన్నీ అతను ఇంకా బాగా చేస్తున్నాడు. ఒప్పుకోవడానికి ప్రాణం పోయినంత పనైంది.

అవతలి గోల్లో ఒక పిల్ల నిలబడి ఉంది. కళ్ళద్దాలు పెట్టుకుని, వాటికి వెనక రబ్బరు పట్టీ బిగించుకుంది. బంతి కాలు వదిలీ వదలక ముందే ఆ పిల్ల గాల్లో ఉంది. ఒకటి, రెండు, అయిదు. ఒక్కటీ వదల్లేదు.

"ఎవరి పిల్లో గానీ, కన్నవాళ్ళు అదృష్టవంతులు" అనుకున్నారు మాస్టారు, కళ్ళలో నిప్పులు పోసుకుంటూ.

ఆట ముగిసింది. ఆ పిల్ల గేటు దాటింది. తమ వీధి మలుపులో ఆగి, అద్దాలు తీసి, పెట్టెలో పెట్టి, సంచి అడుగున దాచింది. ఆపైన గోడ పక్కగా, కళ్ళు చికిలించుకుంటూ అడుగులో అడుగు వేసుకుంటూ మాస్టారి ఇంట్లోకి వెళ్ళింది.

ఆయన ఇంటికి వచ్చేసరికి తల తీసేసినట్టుంది.

"నీకు తెలుసా?" అని భార్యను అడిగారు.

"తెలుసు. మొదటిరోజే ఆ పొడుగాయన డాక్టరును పిలిపించి అందరి కళ్ళూ పరీక్ష చేయించాడట. దీనికి దగ్గరివి తప్ప దూరానివి ఆనవట. బంతి మీద పడేదాకా కనబడేది కాదట."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే పెట్టుకోనిచ్చేవారా?"

పెట్టుకోనిచ్చేవారు కాదు. ఆ సంగతి ఆయనకు తెలుసు.

మనవరాలు తలుపు చాటునుంచి, "నీకు కోపమొస్తుందని, తాతయ్యా. ఇంట్లో అద్దాలు లేకపోయినా పర్లేదు. ఇల్లు నాకు అలవాటేగా" అంది.

ఆదివారం సభ కిక్కిరిసింది. నాయకుడు రాయించి ఇచ్చిన కాగితం మాస్టారు జేబులోంచి తీయలేదు.

"ఈయన మన సంస్కృతి పాడుచేస్తున్నాడని చెప్పమన్నారు. నేనూ చెబుదామనే అనుకున్నాను. కానీ నాది దేశాభిమానం కాదండీ, కడుపుమంట. నా మనవరాలికి దూరపు చూపు ఆనదని నాకు రెండేళ్ళలో తెలియలేదు. ఈయనకు ఒక్కరోజులో తెలిసింది. శిబిరం ఉండనివ్వండి."

తర్వాత పొడుగాయన వైపు తిరిగారు.

"అయ్యా, మిమ్మల్నీ ఒకటి అడగాలి. చేసిన మేలు దేవుడు చూడడా? పిల్లల వీపుల మీద మీ పేరు ఎందుకు?"

దుబాసీ చెవిలో చెప్పాక పొడుగాయన ముఖం ఎర్రబడింది. ఆలోచిస్తానన్నాడు. ఒప్పుకోలేదు, కాదనలేదు.

నాలుగు చేతుల తేడాతో అనుమతి మరో ఏడాదికి పొడిగించారు. నాయకుడు పక్కనుంచి పోతూ, "నిండా ముంచారు కదా మాస్టారూ! ఇక బోర్డు మాట మరిచిపోండి" అని పళ్ళు నూరాడు.

ఇంటికి నడుస్తుంటే భార్య అడిగింది. "మంట చల్లారిందా?"

"ఎక్కడ! ఇందాక అందరూ ఆయనకు చప్పట్లు కొడుతుంటే మళ్ళీ భగ్గుమంది."

"మరి?"

మాస్టారు మైదానం వైపు తల తిప్పారు.

"ఒకరి మంచి చూసి మనకు మండితే, ఆ మంట మనమే భరించాలి. అంతేగానీ, అది చల్లారడానికి పిల్లల మేలు తెచ్చి అందులో వేయకూడదు."