ఆల్టో వరుసలో

చర్చిలో పాటలు పాడే క్రిస్మస్ క్వయర్‌ని మళ్ళీ నడిపించమని పాస్టర్‌గారు అడిగినప్పుడు హదస్సా వెంటనే ఒప్పుకోలేదు.

"ముందు వాళ్ళందరికీ నా సంగతి చెప్పాలి అయ్యగారూ. విన్నాక కూడా నేనే కావాలంటే చేస్తాను" అంది.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పేసరికి, చిక్కుడుకాయలు తుంచుతున్న తల్లి మేబెల్ చేతులు ఆగిపోయాయి.

"అందరికీ చాటుకోవాలా? మందులేసుకుంటున్నావు, బాగున్నావు. ఇంకెందుకే తవ్వుకోవడం?"

"వాళ్ళందరూ చూశారమ్మా. చూసినదాని పేరే తెలీదు."

నిజమే. మూడేళ్ళ కిందట లాలాగూడలోని ఆ చర్చి మొత్తం చూసింది. హదస్సా అల్వాల్‌లో ఒక స్కూల్లో లెక్కల టీచరు, ఆదివారాలు క్వయర్ లీడరు. ఆ డిసెంబర్‌లో ఆమెకు నిద్ర అక్కర్లేకుండా పోయింది. వందమందితో క్వయర్ పెడతానని వేళాపాళా లేకుండా అందరికీ ఫోన్లు చేసింది. ఒక ఆదివారం ఆరాధన మధ్యలో లేచి, మైకు అందుకుని, ఎంతకీ వదల్లేదు. ఆత్మ దిగిందన్నారు కొందరు. దయ్యమన్నారు కొందరు. ఆ తరవాతి నెలల్లో తల దువ్వుకోవడానికి కూడా మంచం దిగలేకపోయింది. అప్పుడు వచ్చి చూసినవాళ్ళు మాత్రం చాలా తక్కువ. ఏ.ఎస్. రావు నగర్‌లో మానసిక వైద్యురాలు డాక్టర్ కల్పలత ఆ రెండు స్థితులకీ కలిపి ఒకే పేరు చెప్పింది: బైపోలార్ డిజార్డర్.

మొదటి ప్రాక్టీసులోనే హదస్సా అందరి ముందూ నిలబడి ఆ పేరు చెప్పేసింది.

"మందుల వల్ల చెయ్యి కొంచెం వణుకుతుంది, కంగారుపడకండి. నేను నిద్రమాని, ఎవర్నీ మాట్లాడనివ్వకుండా వాగుతుంటే నాకు చెప్పండి. అప్పుడు నేను ఒప్పుకోకపోవచ్చు. కోపం కూడా రావచ్చు. అయినా చెప్పండి."

"ప్రార్థన చేసుకుంటే పోతుందక్కా" అంది వెనక వరుసలోంచి ఒకామె.

"చేసుకుంటున్నా. మందు కూడా వేసుకుంటున్నా."

ప్రభుదాస్ గొంతు సవరించుకున్నాడు. రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మనిషి, క్వయర్‌లో బేస్, అంటే మగవాళ్ళలో కింది గొంతు, పాడతాడు. "మా అన్నకు సుత గిట్లనే ఉండెనమ్మా. ఇంట్ల ఒక్కలం సుత బయటికి మాట్లాడలే. నువ్వు చెప్పినవ్, మంచిగయింది. ఇగ షురూ చెయ్."

నవంబరంతా ప్రాక్టీసులు బాగా సాగాయి. నెలాఖరులో స్కూలు పరీక్ష పేపర్లు దిద్దుతూ రెండు మూడు రోజులు నిద్ర తగ్గింది. పేపర్లు అయిపోయినా నిద్ర తిరిగి రాలేదు. ఒక తెల్లవారుజామున ఆల్టోవాళ్ళు, అంటే ఆడవాళ్ళలో కింది గొంతువాళ్ళు, పాడడానికి కొత్త వరుస ఒకటి మనసులో దానంతట అదే విచ్చుకుంది. రాసింది, నేర్పింది. అది నిజంగా బాగుంది. పాడాక అందరూ చప్పట్లు కొట్టారు. మూడేళ్ళుగా దుప్పటి కప్పుకుని బతికినట్టు, ఇప్పుడే దాన్ని లాగేసినట్టు అనిపించింది హదస్సాకి. పాత నేను తిరిగొచ్చాననుకుంది.

"నిద్రపోతున్నావా అసలు?" అని మేబెల్ అడిగింది.

"నవ్వితే జబ్బు, ఏడిస్తే జబ్బేనా? నాకు సంతోషంగా ఉండే హక్కే లేదా?"

మేబెల్ వెళ్ళి ఆమెకి పక్క వేసింది.

ఆ శనివారం ప్రాక్టీసులో హదస్సా చెయ్యి పాటని తరుముతూనే ఉంది. చరణానికీ చరణానికీ మధ్య విరామం లేదు. ఆగిన కాసేపూ ఈస్టర్ గురించి, ఆల్బమ్ గురించి ఒకటే చెప్పుకుపోతోంది. సోప్రానోలో, పై గొంతువాళ్ళతో, పాడే కాలేజీ పిల్ల ఎలీనా ఒకచోట ఆలస్యంగా అందుకుంది.

"చెవులున్నాయా నీకు? నీలాంటివాళ్ళని పెట్టుకుని నేనేం సాధిస్తాను!"

ఎలీనా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ప్రభుదాస్ బెంచీ మీద కూలబడ్డాడు.

"అమ్మా హదస్సా, జెర ఆగు. మాకు ఊపిరి అందుతలేదు. వచ్చినప్పటిసంది నువ్వొక్కదానివే మాట్లాడుతున్నవ్. చెప్పమన్నవ్ గదా, చెప్తున్న."

హదస్సాకి నిలువెల్లా మండింది. వీళ్ళకి కుళ్ళు, నా వేగం అందుకోలేరు అనుకుంది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. అప్పుడే మళ్ళీ ఎలీనా మొహం కనపడింది. తన క్లాసులో ఏ పిల్ల కళ్ళు తుడుచుకున్నా హదస్సా పాఠం ఆపేస్తుంది. ఇప్పుడు ఈ పిల్ల ఏడుస్తుంటే తనకేమీ అనిపించలేదు. చీకాకు తప్ప ఏమీ లేదు. ఆమెకు భయం వేసింది. సంతోషాన్ని చూసి కాదు, ఆ సంతోషంలో ఇంకో మనిషికి చోటు లేకపోవడం చూసి.

మ్యూజిక్ స్టాండుని గట్టిగా పట్టుకుంది.

"నాకు మళ్ళీ మొదలైనట్టుంది. ఎలీనా, నీ తప్పేం లేదమ్మా. అంకుల్, ఈ పూటకి మీరు చూసుకోండి. నన్నెవరైనా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తారా? నేను బండి నడపకూడదు."

"నా స్కూటీ ఉందక్కా, పదండి" అని ఎలీనాయే ముందుకొచ్చింది.

డాక్టర్ కల్పలత రక్తపరీక్ష రాసి, మందు మార్చి, స్కూలుకి సెలవు పెట్టమంది. ఈ క్రిస్మస్‌కి క్వయర్ బాధ్యత వద్దంది.

"ఆ కొత్త వరుస కూడా జబ్బేనా డాక్టర్?"

"నాకు సంగీతం తెలీదు హదస్సా. నిద్రపట్టాక మీరే విని చెప్పండి."

ఇంట్లో రోజులు బరువుగా గడిచాయి. ఎవరెవరికో ఫోన్ చేయాలని మనసు పీకేది. ఫోన్ తీసి తల్లికిచ్చేసింది. ఒక సాయంత్రం మాత్రని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. మింగితే, దుప్పటి లాగేసినప్పుడు కనిపించిన ఆ వెలుగు పోతుంది. మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. అది పోతే ఏడుపొచ్చేంత ఇష్టం ఆమెకి. ఏడుస్తూనే నీళ్ళు తాగి మింగేసింది. మర్నాడూ మింగింది.

నిద్ర కొంచెం కుదుటపడ్డాక, ఒక మధ్యాహ్నం తల్లి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతుంటే విన్నది. జ్వరమని చెబుతుందేమో అనుకుంది.

"బైపోలార్ అండీ. అవును, మనసుకి వచ్చే జబ్బే. మా అమ్మాయే కనిపెట్టి డాక్టర్ దగ్గరికెళ్ళింది. తగ్గుతోంది" అంటోంది మేబెల్.

ఆ రోజే హదస్సా తన కొత్త వరుసని మెల్లగా పాడుకుని చూసింది. చాలావరకు బాగానే ఉంది. ఒకచోట మాత్రం స్వరాలు మరీ కిక్కిరిశాయి. అక్కడ కొన్ని తీసేయమని ప్రభుదాస్‌కి చెప్పి పంపింది.

క్రిస్మస్ పాటలు పాడే క్యారల్ సర్వీసులో ప్రభుదాస్ ముందు నిలబడి క్వయర్‌ని నడిపించాడు. డాక్టర్ సరే అనడంతో హదస్సా ఆల్టో వరుసలో చివర నిలబడింది. మందుల వల్ల నోరు ఎండిపోతుంటే గుక్కెడు నీళ్ళు తాగి పాడింది. ఒళ్ళు పులకరించలేదు. పక్కవాళ్ళ గొంతులు మాత్రం ఒక్కొక్కటీ స్పష్టంగా వినిపించాయి. వాళ్ళతో కలిసి ఊపిరి తీసుకుంది, వాళ్ళతోనే ఆగింది.

బయట కేకు పంచుతుంటే ప్రభుదాస్ దగ్గరికొచ్చాడు.

"ఈస్టర్‌కు నువ్వే నిలబడాలె. నాతోని కాదమ్మా ఈ పని."

"డాక్టర్‌ని అడిగి నిలబడతా అంకుల్. మధ్యలో దించేయాల్సొస్తే మొహమాటపడకండి."

"దింపుతం తియ్" అన్నాడాయన. "మంచిగైనంక మల్ల ఎక్కిస్తం."