వడ్డించే కోణం

ఎదుటి మనిషికి కంచం అందించడానికి మోచేయి ఎంత వంగాలో, సరిగ్గా అంత వంగి ఆమె కుడిచేయి ఆగిపోయింది. అంతకంటే ముడుచుకోదు, అంతకంటే సాగదు. అటక దులుపుతూ స్టూలు మీదినుంచి పడ్డప్పుడు విరిగిన ఎముక అతుక్కుంది గాని, కట్టు విప్పాక కూడా కీలు కట్టులోనే ఉండిపోయింది. ఆ చేత్తో గరిటె తిప్పవచ్చు, సంచి తగిలించుకోవచ్చు. జడ వేసుకోవడం కుదరదు. ముద్ద నోటికి చేరదు.

"చేతికొచ్చింది నోటికి రాలేదంటే ఇదేనోయ్!" అని భర్త మొదటిసారి అన్నప్పుడు భోజనాల బల్ల చుట్టూ అందరూ నవ్వారు. "అయినా దేవుడు దయగలవాడు. వడ్డించడానికి సరిపడా వదిలాడు."

ఆమె కూడా నవ్వింది. గుచ్చుకున్న మాటకు మనమే ముందుగా నవ్వేస్తే అది గుచ్చుకోనట్టే అనుకునే తెలివి ఒకటుంటుంది. ఆమెకు అది పుష్కలంగా ఉండేది. మోచేయి వంగకపోతే మెడ వంగాలి. అందరూ లేచాక వంటగదిలో నిలబడి, తలనే చేతి దగ్గరికి తీసుకెళ్ళి తినడం నేర్చుకుంది. పనిచేసే గ్రంథాలయంలో పై అరలు అందుకోలేదని ఆమెను అట్టలు అతికించే మూలకు మార్చారు. దానికీ అలవాటు పడింది. అలవాటు నొప్పిని తగ్గించదు, ప్రశ్నను మాన్పిస్తుంది.

నిజానికి మొదట్లో ఒక ప్రశ్న అడిగింది. కట్టు విప్పిన రోజు కళ్ళు తిరిగి తాను వరండా బెంచీ మీద కూర్చుండిపోతే, భర్తే లోపలికి వెళ్ళి మాట్లాడి వచ్చాడు. "డాక్టరు ఏమన్నారండీ?" అంటే, "ఇంటి పనే వ్యాయామమన్నాడు. చేసుకుంటూ పోతే అదే వస్తుందట," అన్నాడు. రాలేదు. అత్తగారు నూనె రాసి, బలమంతా పెట్టి ఆ చేతిని వంచేది. "మొండి చెయ్యి! మనిషి ఎలాగో చెయ్యీ అలాగే," అనేది. కళ్ళలో నీళ్ళు తిరిగేవి. పట్టించుకునే మనిషి ఉంది కదా అని, ఆ నీళ్ళలోనే కాస్త కృతజ్ఞత కూడా ఉండేది.

ఈమధ్య అత్తగారి మోకాలు పట్టేసింది. కొడుకు ఒక్కరోజు కూడా ఆగకుండా ఆవిడను ఆస్పత్రిలో వ్యాయామ చికిత్సకు చేర్పించాడు. తీసుకెళ్ళడం, తీసుకురావడం మాత్రం కోడలి పని. ఈరోజు చికిత్స గదిలో అత్తగారికి చెప్పులు తొడుగుతుంటే, మోకాలు వంచే అమ్మాయి ఆమె చేతిని చూసి ఆగిపోయింది.

"అదేంటండీ, ఆ చెయ్యి ఇంకా అలాగే ఉంది?"

"ఇంక అంతేనటండీ."

"ఎవరన్నారు? కట్టులో కదలకుండా ఉంటే కీలు చుట్టూ ఉండే పొర బిగుసుకుపోతుంది. మెల్లగా మీ అంతట మీరే కదిలించుకోవాలి. స్ప్లింట్ పట్టీ కట్టుకుని కొంచెం కొంచెంగా సాగనివ్వాలి. అప్పటికీ రాకపోతే ఆపరేషన్ చేసి ఆ పొర విడదీస్తారు. బలవంతంగా వంచితే మాత్రం లోపల వాచి ఇంకా బిగుస్తుంది. కట్టు విప్పిన రోజు డాక్టరుగారి పక్కన నేనే ఉన్నాను, ఇదంతా మీ ఆయనకి చెప్పాం. రోజూ తీసుకురమ్మన్నాం."

"ఆయనేమన్నారు?"

ఆ అమ్మాయి తడబడింది. "వంటకీ వడ్డనకీ సరిపోతుంది, అంత వంగితే చాలన్నారండీ."

చాలు. ఎవరి ఆకలికి ఎవరు చాలంటారు? ఆ రోజు బల్ల దగ్గర భర్త ఆడింది హాస్యం కాదు. తన తీర్పునే దేవుడి పేరు పెట్టి చదివి వినిపించాడు. దానికి తాను నవ్వింది.

అత్తగారి వైపు తిరిగింది. ఆవిడ చెప్పులోకి వేళ్ళు దూర్చుకుంటూ ఉండిపోయింది.

"మీకు తెలుసా అత్తయ్యా?"

"నువ్వు రోజూ ఇక్కడికొచ్చి కూర్చుంటే ఇల్లెవరు చూస్తారన్నాడమ్మా వాడు. నేను మాత్రం ఏం చెప్పను? అందుకేగా నూనె రాశాను!"

ఆమెకు కోపం రాలేదు. కోపానికి ఎదుట ఒక మనిషైనా మిగలాలి. ఆ అమ్మాయిని అడిగింది: "ఇప్పుడు మించిపోయిందా?"

"పూర్తిగా రాకపోవచ్చు. కోత కూడా తప్పకపోవచ్చు. నోటిదాకా తెచ్చుకోవడానికైతే ప్రయత్నిద్దాం."

రాత్రి భోజనాల దగ్గర భర్త అడిగాడు: "అమ్మ మోకాలెలా ఉంది?"

"బాగా వంగుతోంది. రేపట్నుంచి మీరే తీసుకెళ్ళాలి. చికిత్స గదిలో పక్క మంచం మీద నేనుంటాను."

అతడు తల్లిని చూశాడు. తల్లి మోకాలు చూసుకుంది.

"అది కాదోయ్... కోతంటే భయపడతావని... నీ మంచికేగా..." అలవాటుగా కంచం ముందుకు జరిపాడు.

ఆమె గరిటెను గిన్నెలోనే వదిలి, గిన్నెను అతడి దగ్గరికి నెట్టి కూర్చుంది.

"ఈ చెయ్యి నా వైపు వంగేదాకా, ఇంకెవరి వైపూ చాచను."